కీమోకి లొంగని కణాలు మందు పడ్డప్పుడు అసలు ఏం చేస్తాయి?

ప్రశ్న

మా అక్కకి అండాశయ క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ రెండూ కలిపి మూడు వారాలకోసారి చొప్పున ఆరు సైకిళ్లు ఇచ్చారు. చివర్లో స్కాన్ క్లియర్ అన్నారు, ఈ జబ్బుకి రక్తంలో చూసే సీఏ 125 నార్మల్‌కి వచ్చేసింది, ఇంక గండం గడిచిందనుకున్నాం. ఆరు నెలలు కూడా తిరక్కుండా మళ్ళీ తిరగబెట్టింది. ఈసారి డాక్టరుగారు "ప్లాటినం రెసిస్టెంట్" అన్నారు, వేరే మందు మొదలుపెడదాం అన్నారు. ఆయన ఓపిగ్గానే చెప్పారు కానీ ఆ ఒక్క మాట విన్నాక నాకు మిగతాదేదీ బుర్రకెక్కలేదు.

ఇంట్లో ఎవరిని అడిగినా ఒకటే మాట, "ఒళ్ళు మందుకి అలవాటు పడిపోయింది" అని. నిజంగా ఒళ్ళు అలవాటు పడుతుందా? లేక కణాలు నేర్చుకుంటాయా? ఇంకోటి కూడా నన్ను లోపల తినేస్తోంది. నాలుగో సైకిల్ అప్పుడు అక్కకి తెల్లరక్తకణాల కౌంట్ పడిపోయింది, మనిషికి ఓపిక లేదు, ఇంకో వారం ఆగుదామా అని డాక్టరుగారిని అడిగింది నేనే. ఆయన సరే అన్నారు. యాంటీబయాటిక్ కోర్సు సరిగ్గా వాడకపోతే క్రిములు మొండికేస్తాయి అంటారు కదా, అలా ఆ వారంలోనే ఇవీ మొండికేశాయేమో అనిపిస్తోంది. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.

నాకు అర్థం కావాల్సింది ఇదీ: లొంగని కణం మీద మందు పడితే ఏమవుతుంది? బండరాయి మీద నీళ్ళు పోసినట్టు ఏమీ జరగదా, లోపల ఏదైనా జరుగుతుందా? రేపు ఇవ్వబోయే కొత్త మందుకీ ఇలాగే లొంగకపోతే? నేను చదివింది కామర్స్, కాబట్టి తేలిక మాటల్లో చెప్పండి. ఊరడింపు మాటలు మాత్రం వద్దు.

జవాబు 1

అలవాటు పడింది ఒళ్ళు కాదండి. ఆ మాట ఎవరన్నా సరే నమ్మకండి. ఒళ్ళే అలవాటు పడి ఉంటే మీ అక్కగారి ఒంట్లో రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జ కూడా అలవాటు పడాలి కదా, మరి నాలుగో సైకిల్‌లో కౌంట్ ఎందుకు పడింది? మందు ఆవిడ ఒంట్లో తన పని తను చేస్తూనే ఉంది. లొంగనివి ఆ గడ్డలోని కొన్ని కణాలు, అంతే.

నేను ల్యాబ్‌లో ఇలాంటి కణాల మీదే ఐదేళ్లుగా పని చేస్తున్నాను. వీటిని మేమే తయారుచేసుకోవాలి. మామూలు క్యాన్సర్ కణాలని ఫ్లాస్కులో పెంచి, చాలా తక్కువ డోసులో మందు వేస్తాం. రెండు మూడు రోజులకి చూస్తే, అడుగున చదునుగా అతుక్కుని ఉన్న కణాలన్నీ గుండ్రంగా ముడుచుకుపోయి, పట్టు వదిలేసి పైకి తేలుతుంటాయి. ఆ ద్రవం తీసేసి కొత్త మీడియం, అంటే కణాలు పెరిగే పోషక ద్రవం, పోస్తే అడుగున దాదాపు ఖాళీ. మొదటిసారి నేను అంతా చచ్చిపోయాయనుకుని ఫ్లాస్కు పారేయబోయాను, మా సీనియర్ ఆపారు. దాన్ని అలాగే ఇంక్యుబేటర్‌లో ఉంచి, అప్పుడప్పుడు మీడియం మారుస్తూ రెండు వారాలు ఆగి మైక్రోస్కోపు కింద పెడితే, ఆ ఖాళీలో అక్కడొకటి ఇక్కడొకటి చిన్న గుంపులు, ఒక్కోదాన్లో ఇరవై ముప్ఫై కణాలు. ఒక్క కణం బతికి, అదే విడిపోయి విడిపోయి అంత అయిందన్నమాట. అప్పుడు డోసు పెంచుతాం, మళ్ళీ చాలావరకు పోతాయి, మళ్ళీ గుంపులు లేస్తాయి. ఇలా ఆరు నెలలో ఏడాదో చేస్తే, మొదట్లో అన్నిటినీ చంపిన డోసులో హాయిగా పెరిగే కణాలు తయారవుతాయి.

ఇందులో నేర్చుకోవడం కంటే ఏరివేతే ఎక్కువ. ఒక సెంటీమీటరు గడ్డలో సుమారు వంద కోట్ల కణాలుంటాయి. ఒక కణం రెండు కావాలంటే డీఎన్ఏ అంతా కాపీ చేసుకోవాలి, కాపీలో తప్పులు పడతాయి, క్యాన్సర్ కణాల్లో ఇంకా ఎక్కువ పడతాయి. వంద కోట్లలో ఏ పదో వందో, మందు అనేది రాకముందే, దానికి లొంగని తేడాతో పుట్టి ఉండొచ్చు. మందు వచ్చి మిగతావాటిని ఊడ్చేస్తే వాటికి చోటు దొరుకుతుంది. బాక్టీరియాలో ఈ సంగతిని 1943లోనే లూరియా, డెల్‌బ్రుక్ అనే ఇద్దరు లెక్క కట్టి చూపించారు, వైరస్‌ని తట్టుకునే బాక్టీరియా ఆ వైరస్ తగలకముందే పుట్టి ఉన్నాయని.

ఇక లోపల ఏం జరుగుతుందో నా కళ్ళతో చూసింది చెప్తాను. డాక్సోరూబిసిన్ అనే మందు ఎర్రగా ఉంటుంది, తగిన కాంతి వేస్తే తనంతట తనే వెలుగుతుంది కూడా, వేరే రంగు కలపక్కర్లేదు. మామూలు కణాలకి ఈ మందు వేసి గంటా రెండు గంటలాగి చూస్తే ప్రతి కణం మధ్యలో ఎర్రటి బంతి వెలుగుతుంటుంది. అది న్యూక్లియస్, మందు వెళ్ళి డీఎన్ఏని పట్టుకుందని అర్థం. పక్క ప్లేట్లో లొంగని కణాలకి అదే మందు, అదే డోసు, అంతే సేపు. అక్కడ న్యూక్లియస్ చీకటిగా ఉంటుంది. దాని చుట్టూ మాత్రం ఎర్రటి చుక్కలు చెల్లాచెదురుగా. అంటే మందు లోపలికి వచ్చింది, కానీ వచ్చింది వచ్చినట్టే బయటికి గెంటేస్తోంది, మిగిలిన కాస్తా చిన్న సంచుల్లో కట్టి పక్కన పెట్టేస్తోంది, డీఎన్ఏ దాకా రానివ్వడం లేదు.

ఆ గెంటే పంపు పేరు పీ-గ్లైకోప్రోటీన్, 1976లో జూలియానో, లింగ్ గుర్తించారు. నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఏంటంటే, బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన విన్‌క్రిస్టిన్, మట్టిలో బాక్టీరియా తయారుచేసే డాక్సోరూబిసిన్, యూ చెట్టు బెరడులో దొరికిన పాక్లిటాక్సెల్, వీటికి ఒకదానితో ఒకటికి పోలికే లేదు, అయినా ఈ ఒక్క పంపు మూడింటినీ గెంటుతుంది. ఒక మందుకి లొంగని కణం తను ఎన్నడూ చూడని ఇంకో మందుకి కూడా లొంగకపోవడానికి ఇదొక కారణం.

కాబట్టి బండరాయి మీద నీళ్ళు కాదండి. చిల్లు పడ్డ పడవలో నీళ్ళు తోడిపోస్తూ మునగకుండా ఉన్నట్టు. ఆ తోడటానికి కణం తన శక్తి ఖర్చు పెడుతూనే ఉంటుంది, వచ్చే నీళ్ళు మరీ ఎక్కువైతే అదీ మునుగుతుంది. ప్లేట్లో డోసు పెంచుకుంటూ పోతే లొంగని కణాలు కూడా చస్తాయి. కాకపోతే మనిషి ఒంట్లో ప్లేట్లో పెంచినట్టు డోసు పెంచలేం.

జవాబు 2

నేను క్యాన్సర్ వైద్యంలో ట్రైనింగ్‌లో ఉన్న డాక్టర్ని. పై జవాబు బాగుంది, కానీ ఒక్క చోట సరిదిద్దాలి, లేకపోతే మీరు అక్కగారి విషయం తప్పుగా అర్థం చేసుకుంటారు. ఆ పంపు పాక్లిటాక్సెల్‌ని గెంటుతుంది, కార్బోప్లాటిన్‌ని గెంటదు. మీ డాక్టరుగారు అన్నది ప్లాటినం రెసిస్టెంట్ అని. అది వేరే కథ.

ప్లాటినం మందు, అంటే కార్బోప్లాటిన్ లాంటిది, డీఎన్ఏకి అతుక్కుంటుంది. అతుక్కుని, దాని అక్షరాలని ఒకదానికొకటి కుట్టేసినట్టు బిగిస్తుంది. కణం విడిపోవాలంటే డీఎన్ఏ విప్పి చదవాలి, ఆ కుట్టు దగ్గరికి వచ్చేసరికి చదువు ఆగిపోతుంది. అప్పుడు కణానికి రెండే దారులు, ఆ కుట్టు విప్పి బాగుచేసుకోవడం, లేదా తనను తాను చంపుకోవడం. క్యాన్సర్ కణాల్లో చాలావాటికి బాగుచేసుకునే ఏర్పాటు దెబ్బతిని ఉంటుంది కాబట్టే ప్లాటినం అంత బాగా పనిచేస్తుంది.

లొంగని కణంలో ఏం జరుగుతుందంటే, మందు లోపలికి తక్కువ రావచ్చు, వచ్చింది కణంలోనే ఉండే గ్లూటాథయోన్ లాంటి పదార్థాలకి అతుక్కుని అక్కడే నిర్వీర్యమైపోవచ్చు, లేదా డీఎన్ఏకి దెబ్బ తగిలాక కూడా కణం దాన్ని చకచకా బాగుచేసుకోవచ్చు, అదీ కాకపోతే దెబ్బ అలాగే ఉన్నా చావమని వచ్చే సంకేతాన్ని పట్టించుకోకుండా బతికేయొచ్చు. ఒకే గడ్డలో ఒక చోట ఒకటి, ఇంకో చోట ఇంకోటి కూడా ఉంటాయి. మందు తగిలింది, దెబ్బా తగిలింది, కానీ చావలేదు. మీరు అడిగిన ప్రశ్నకి నా జవాబు అది.

వీటిలో ఒకటి వివరంగా చెప్తాను, ఎందుకంటే అక్కగారికి బీఆర్‌సీఏ టెస్ట్ చేసి ఉంటే ఇది పనికొస్తుంది. బీఆర్‌సీఏ అనేది డీఎన్ఏ బాగుచేసే జీన్. డీఎన్ఏని కణం మూడేసి అక్షరాలుగా చదువుతుంది. తెలుగులోనే చూడండి:

పలక కలప పడవ నడక

ఇందులో రెండో అక్షరం "ల" ఎగిరిపోయిందనుకోండి, కణం మాత్రం మూడేసి చొప్పునే చదువుకుంటూ పోతుంది కాబట్టి ఇలా అవుతుంది:

పకక లపప డవన డక

అర్థం లేదు. జీన్ పాడైంది, బాగుచేసే పని ఆగింది, ప్లాటినం వేస్తే కణం చచ్చిపోతుంది. ఇప్పుడు కోట్ల కణాల్లో ఒకదాంట్లో, అనుకోకుండా, కాస్త ముందుకెళ్ళాక ఇంకో రెండు అక్షరాలు "ల", "ప" కూడా ఎగిరిపోయాయనుకోండి:

పకక పడవ నడక

మొదటి మాట తప్పే, కలప పోయింది, కానీ అక్కడి నుంచి అంతా సరిగ్గా చదవొస్తోంది. ఆ ఒక్క కణంలో జీన్ మళ్ళీ పని చేస్తుంది, అది ప్లాటినాన్ని తట్టుకుంటుంది. మొదటి తప్పుని రెండో తప్పు సరిచేసింది. అండాశయ క్యాన్సర్‌లో ఇలా నిజంగా జరుగుతుందని 2008లో బయటపెట్టారు. ఆ కణం తెలివిగా ఏమీ చేయలేదు, ఆ మార్పు యాదృచ్ఛికంగా పడింది, మందు మిగతావాటిని తీసేసింది.

ఇక ఆ వారం సంగతి. మీరు దీన్ని దయచేసి మనసులోంచి తీసేయండి. సైకిళ్ల మధ్య మూడు వారాలు పెట్టిందే మజ్జ కోలుకోవడానికి. కౌంట్ పడితే వారం ఆగడం మేం రోజూ చేసే పని, ఆగకుండా ఎక్కించి ఉంటే మామూలు ఇన్‌ఫెక్షన్ కూడా ప్రాణం మీదకి తెచ్చేది. మీరు అడగకపోయినా ఆ కౌంట్ చూసి డాక్టరుగారు ఆపేవారే. పైన చెప్పిన అక్షరాల మార్పు ఒక వారం ఖాళీ దొరికిందని పుట్టేది కాదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థాంక్సండి. అక్షరాల ఉదాహరణ కాగితం మీద రాసుకుని మరీ చూశాను, అర్థమైంది. వారం గురించి మీరు రాసింది నాలుగైదు సార్లు చదివాను.

రెండు అనుమానాలు. స్కాన్ పూర్తిగా క్లియర్ అన్నారు కదా, మరి అప్పుడు ఇవి ఎక్కడున్నాయి? రెండోది, ఆ పంపుని ఆపే మందు ఏదో బీపీకి వాడే వెరాపమిల్ అని ఒకచోట చదివాను. అది మామూలుగా దొరికే మాత్రే కదా, కీమోతో పాటు అదీ వేసుకుంటే పాక్లిటాక్సెల్ మళ్ళీ పనిచేయదా?

జవాబు 1 రాసినవారు

పై డాక్టరుగారు సరిదిద్దింది కరెక్టే, ప్లాటినం అన్న మాట నేను గమనించకుండా నాకు తెలిసిన పంపు గురించే రాసుకుంటూ పోయాను.

వెరాపమిల్ గురించి గట్టిగా చెప్పాలి: దయచేసి సొంతంగా ఇవ్వకండి. మీరు చదివింది అబద్ధం కాదు. 1981లోనే జపాన్‌లో సురువో బృందం విన్‌క్రిస్టిన్‌కి లొంగని ల్యుకేమియా కణాలకి వెరాపమిల్ కలిపితే అవి మళ్ళీ లొంగాయని చూపించింది. నేను కూడా చేసి చూశాను, పైన చెప్పిన చీకటి న్యూక్లియస్ ఉన్న కణాలకి వెరాపమిల్ కలిపి డాక్సోరూబిసిన్ వేస్తే కాసేపటికి న్యూక్లియస్‌లో ఎరుపు వెలుగుతుంది. అది చూసిన రోజు, ఇంత సులువా, మరి మనుషులకి ఎందుకు ఇవ్వడం లేదు అనిపించింది. ఇచ్చి చూశారు. ప్లేట్లో పనిచేసేంత మోతాదు రక్తంలో రావాలంటే గుండె తట్టుకోదు, బీపీ పడిపోతుంది, గుండె లయ దెబ్బతింటుంది.

తర్వాత గుండె జోలికి పోని మందులు కూడా తయారుచేశారు, వాల్‌స్పోడార్, జోసుక్విడార్, టారిక్విడార్ అని. పెద్ద ట్రయల్స్ జరిగాయి, ఆశించిన ఫలితం రాలేదు. ఎందుకంటే ఆ పంపు క్యాన్సర్ కణాల సొత్తు కాదు, మన పేగుల్లో, కాలేయంలో, కిడ్నీల్లో, మెదడుకి వెళ్ళే రక్తనాళాల గోడల్లో ఉంటుంది, విషాలని బయటికి పంపడం దాని అసలు పని. దాన్ని ఆపితే కీమో మందు ఒంట్లోంచి పోవడం తగ్గి మంచి కణాలకే ఎక్కువ దెబ్బ తగులుతుంది, దాంతో కీమో డోసే తగ్గించాల్సి వస్తుంది. ఈ పంపు ఎంత ముఖ్యమో నెదర్లాండ్స్‌లో ఒక సంఘటన వల్ల తెలిసింది. ఈ పంపు జీన్ తీసేసిన ఎలుకలు మామూలుగానే పెరుగుతున్నాయి, ఏ తేడా లేదు. ఎలుకల గదిలో పురుగులు పడితే అన్నిటికీ ఐవర్‌మెక్టిన్ వాడారు. మామూలు ఎలుకలకి ఏమీ కాలేదు, ఈ ఎలుకలు మాత్రం చచ్చిపోయాయి. చూస్తే వాటి మెదడులో ఆ మందు మామూలు ఎలుకల కంటే 80 రెట్లకు పైగా చేరింది. 1994లో ప్రచురించారు దీన్ని. నేను ఈ పంపుని శత్రువు అనుకోవడం అది చదివాకే మానేశాను.

ఇంకో మాట, మీరు ఇలాంటివి చదువుతున్నారు కాబట్టి చెప్తున్నా. ల్యాబ్‌లో కణాల మీద పనిచేసిందన్న ప్రతి వార్తనీ నమ్మేయకండి. మందుకు లొంగని రొమ్ము క్యాన్సర్ కణాలు అనుకుని ఎన్నో ల్యాబ్‌లు ఏళ్ళ తరబడి వాడిన ఒక లైన్ (ఒకే మూలం నుంచి పెంచుకుంటూ వచ్చే కణాలు), చివరికి పరీక్ష చేస్తే అండాశయ క్యాన్సర్ కణాలని తేలింది. కొత్త లైన్ ఏది తెచ్చినా ముందు అదేనా కాదా అని చూసుకోవడం మాకు అలవాటైంది.

జవాబు 2 రాసినవారు

స్కాన్ సంగతి నేను చెప్తాను. పైన వంద కోట్ల కణాలంటే ఒక సెంటీమీటరు గడ్డ అన్నారు కదా. కీమో ఒక్కోసారి ఇంతమందిని చంపుతానని లెక్కపెట్టి చంపదు, ఉన్నవాటిలో ఒక వాటాని చంపుతుంది. 1960లలో స్కిపర్ అనే ఆయన ల్యుకేమియా ఎలుకల మీద లెక్కలు కట్టి చెప్పింది ఇదే. వెయ్యిలో 999 కణాలు పోయాయనుకోండి, మాటకి అది ఘన విజయం, కానీ వంద కోట్లలో ఇంకా పది లక్షలు మిగిలాయి. పది లక్షల కణాలంటే ఒక మిల్లీమీటరు చుక్క. పొట్టలో పొరల మీద అలాంటి చుక్కలు ఉంటే సీటీ స్కాన్‌కి కనబడవు, సీఏ 125 కూడా నార్మల్‌గా ఉండొచ్చు. కనబడనంత తగ్గింది అనడానికి క్లియర్ అనే మాట వాడతాం. ఆ మాట వింటే ఇంట్లోవాళ్ళకి ఏం అర్థమవుతుందో మేం ఆలోచించి వాడాలి, అది మా లోపమే.

ఒక ప్రశ్న. చివరి కార్బోప్లాటిన్ ఎక్కించిన తేదీ నుంచి తిరగబెట్టిందని తేలిన తేదీకి సరిగ్గా ఎన్నాళ్ళు?

జవాబు 3

మా అమ్మకి ఇదే జబ్బు, ఇదే మాట విన్నాం. నేను డాక్టర్ని కాదు, మాకు జరిగింది మాత్రం చెప్తాను. మొదటిసారి మూడు వారాలకోసారి పాక్లిటాక్సెల్ ఇచ్చారు, తిరగబెట్టాక అదే పాక్లిటాక్సెల్‌ని తక్కువ డోసులో వారం వారం ఇచ్చారు. మందు అదే కదా, ఒకసారి ఓడిపోయిన దాన్ని మళ్ళీ ఎందుకు అని నేను గొడవపడ్డాను కూడా. కానీ పొట్టలో నీరు తగ్గింది, ఆకలి పుట్టింది, తనంతట తను లేచి తిరిగింది. ఎనిమిది నెలలు అలా ఉంది. తర్వాత మళ్ళీ మందు మార్చాల్సి వచ్చింది. ఊరడింపు వద్దన్నారు కాబట్టి పూర్తిగా చెప్పాను. ఆ ఎనిమిది నెలలు మాకు చాలా పెద్దవి.

అరచేతులు, పాదాలు తిమ్మిరెక్కడం మొదలైతే మాత్రం మొదటి రోజే డాక్టరుకి చెప్పండి, మేం ఏం కాదులే అని ఊరుకుని తప్పు చేశాం.

జవాబు 4

అందరూ ముందే పుట్టి ఉన్న కణాలు, ఏరివేత అంటున్నారు. నేను కూడా ఈ రంగంలోనే ఉన్నాను, అది సగమే అని నా అభిప్రాయం. మీరు కణాలు నేర్చుకుంటాయా అని అడిగారు కదా, ఆ ప్రశ్నని అంత తొందరగా కొట్టిపారేయకూడదు.

జీన్‌లో ఏ మార్పూ లేకుండా మందుని తట్టుకునే కణాలు ఉన్నాయి. 2010లో సెటిల్‌మన్ ల్యాబ్ వాళ్ళు ఊపిరితిత్తుల క్యాన్సర్ కణాలకి, మామూలుగా వాటిని చంపడానికి సరిపోయే దాని కంటే వంద రెట్లకు పైగా డోసు వేశారు. అది కీమో కాదు, క్యాన్సర్ కణంలో ఒక నిర్దిష్ట ప్రోటీన్‌నే గురిపెట్టే టార్గెటెడ్ మందు, కానీ కథ అదే. వెయ్యిలో మూడు చొప్పున కణాలు మిగిలాయి. అవి పెరగవు, చావవు, ఊరికే అలా ఉంటాయి. మందు తీసేసి కొన్నాళ్ళు పెంచితే మళ్ళీ అదే మందుకి మామూలుగా లొంగిపోయాయి! జీన్ మార్పు వల్ల అయితే అలా వెనక్కి రావు కదా.

కీమో విషయంలో 2021లో టొరంటో వాళ్ళు పెద్దపేగు క్యాన్సర్ మీద చూపించింది నాకు ఇంకా ముఖ్యం అనిపిస్తుంది. ప్రతి కణానికీ ఒక గుర్తు వేసి, కీమో ఇచ్చి, ఎవరి సంతానం మిగిలిందో చూశారు. కొన్ని వంశాలే మిగలాలి కదా ఏరివేత అయితే, అలా కాదు, దాదాపు అన్ని వంశాలూ మిగిలాయి. అంటే లొంగని కణం అంటూ విడిగా ఏదీ లేదు, ఏ కణానికైనా ఆ స్థితిలోకి జారుకునే శక్తి ఉంది. ఆ స్థితి దేనిలా ఉందంటే, చాలా క్షీరదాల్లో వాతావరణం బాగోలేనప్పుడు తల్లి కడుపులో పిండం ఎదుగుదల ఆపేసుకుని వారాలు, నెలలు అలా ఉండిపోతుంది, పరిస్థితి బాగుపడ్డాక మళ్ళీ మొదలుపెడుతుంది. ఎలుకల్లో, ఎలుగుబంట్లలో ఉంది ఇది. ఆ పాత పద్ధతినే క్యాన్సర్ కణం బయటికి తీసి వాడుకుంటోంది. చాలా కీమో మందులు పెరిగే కణాన్ని కొడతాయి, పెరగడం మానేసిన కణానికి అంతగా తగలవు.

నా దృష్టిలో రెండూ జరుగుతాయి, ఒకదాని తర్వాత ఒకటి కూడా జరుగుతాయి. పడుకున్న కణాలు బతికి ఉంటాయి, బతికి ఉన్నవి మళ్ళీ విడిపోవడం మొదలుపెట్టాక వాటిలో ఎక్కడో అక్షరాల మార్పు పడుతుంది, అప్పుడది శాశ్వతం అవుతుంది. ఒకసారి పనిచేయని మందు కొంతకాలం తర్వాత మళ్ళీ కొంత పనిచేయడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఇది చదివి ఎవరూ సొంతంగా మందు ఆపి చూడొద్దు, ఎప్పుడు ఆపాలో ఎప్పుడు మళ్ళీ మొదలుపెట్టాలో రిపోర్టులు చూసేవాళ్ళే చెప్పగలరు.

జవాబు 1 రాసినవారు

ఒప్పుకుంటాను. నా ఫ్లాస్కుల్లో రెండు వారాలు కనబడకుండా ఉండి తర్వాత లేచిన గుంపుల్లో కొన్ని ఇలాంటివే అయి ఉండొచ్చు. ఖాళీగా ఉన్న ఆ రెండు వారాల్లో అక్కడక్కడ పెద్దగా, పలచగా పరుచుకుని కదలకుండా ఉండే కణాలు నేనూ చూశాను, చస్తున్నవేమో అనుకుని లెక్కలోకి తీసుకోలేదు.

ప్రశ్న అడిగినవారు

డాక్టరుగారూ, తేదీలు ఫైల్ తీసి చూశాను. చివరి కార్బోప్లాటిన్ నుంచి స్కాన్‌లో తేలేసరికి 5 నెలల 11 రోజులు.

జవాబు 2 రాసినవారు

అందుకే అడిగాను. ప్లాటినం రెసిస్టెంట్ అనే మాట కణాలని పరీక్ష చేసి పెట్టింది కాదండి, క్యాలెండర్ చూసి పెట్టింది. చివరి ప్లాటినం నుంచి ఆరు నెలల లోపు తిరగబెడితే రెసిస్టెంట్, దాటితే సెన్సిటివ్ అని ఒక గీత. ఆ గీతకి ఇవతల 5 నెలల 11 రోజులు, అవతల 6 నెలల 11 రోజులు ఉన్న ఇద్దరి గడ్డల్లో కణాలు పూర్తిగా వేరే జాతివేం కావు. కీమో జరుగుతుండగానే పెరిగిన గడ్డ వేరు, ఇది వేరు. మీ డాక్టరుగారు ఇప్పుడు వేరే మందు ఎంచుకోవడం సరైన పనే, నేనైనా అదే చేస్తాను, కానీ ఆ మాటని ఇక ఏ మందూ పనిచేయదు అని మాత్రం అర్థం చేసుకోకండి.

పనిచేసే తీరు వేరుగా ఉన్న మందులు ఉన్నాయి. వారం వారం పాక్లిటాక్సెల్, కొవ్వు పొరలో చుట్టి ఇచ్చే డాక్సోరూబిసిన్, టోపోటెకాన్, జెమ్‌సైటబిన్. వీటిలో కొన్నిటికి, గడ్డకి కొత్త రక్తనాళాలు పెరగకుండా అడ్డుకునే బెవాసిజుమాబ్ కలిపితే ఏమవుతుందో ఆరీలియా అనే ట్రయల్‌లో చూశారు, 2014లో వచ్చింది. జబ్బు మళ్ళీ పెరగకుండా ఉన్న కాలం, మధ్యస్థ లెక్కలో, కీమో ఒక్కటే ఇచ్చినప్పుడు 3.4 నెలలు, బెవాసిజుమాబ్ కలిపితే 6.7 నెలలు. చిన్న అంకెలే, నేను పెంచి చెప్పను. అది మధ్యస్థం, అంటే సగం మందికి అంతకంటే ఎక్కువ కాలం. పేగు పరిస్థితి చూసి గానీ బెవాసిజుమాబ్ ఇవ్వరు, అందరికీ సరిపడదు.

ఇంకోటి, గడ్డ కణాల మీద ఫోలేట్ రిసెప్టర్ ఆల్ఫా అనేది ఎక్కువగా ఉంటే, దాన్ని పట్టుకుని కణం లోపలికి వెళ్ళి మందు వదిలే మిర్వెటక్సిమాబ్ అనే మందుకి 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. సరిగ్గా ఈ ప్లాటినం రెసిస్టెంట్ వాళ్ళ కోసమే. దాన్ని వాడొచ్చో లేదో తెలియాలంటే ముందు ఆ పరీక్ష చేయాలి, ఆపరేషన్‌లో తీసిన ముక్క దాచి ఉంటుంది, దాని మీదే చేయొచ్చు, మళ్ళీ కోయక్కర్లేదు.

ప్రశ్న అడిగినవారు

గురువారం అపాయింట్‌మెంట్ ఉంది. నోట్‌బుక్‌లో రాసుకున్నాను: బీఆర్‌సీఏ రిపోర్ట్ ఎక్కడుంది, ఫోలేట్ రిసెప్టర్ పరీక్ష చేశారా, పాత ముక్క ఎక్కడ దాచారు, కొత్త మందు పనిచేస్తోందా లేదా అని ఎన్ని సైకిళ్ల తర్వాత చూస్తారు, వేళ్ళ తిమ్మిరి గురించి ఎవరికి ఫోన్ చేయాలి. ఈసారి మా బావగారిని కూడా రమ్మన్నాను, ఒకరు వింటుంటే ఇంకొకరు రాసుకుంటాం.

పలక కలప అక్కకి చూపించాను. తను కాగితం తీసుకుని తనే ఇంకోలా అక్షరాలు కొట్టేసి చూసింది, రెండోదీ ఆరోదీ తొమ్మిదోదీ తీసేస్తే ఎలా ఉంటుందని. చివరి మాట ఒక్కటే నిలిచింది. అయితే తప్పులు దగ్గర దగ్గరగా పడితేనే వాక్యం ఎక్కువ మిగులుతుందా అని అడిగింది. నాకు తెలియలేదు, గురువారం తనే అడుగుతానంది.